చీటీ మీద రాయనిది ఫిల్ములో కనపడదు

(ఆరోగ్యం, హింస అనే విషయం మీద మహిళా కార్యకర్తల కోసం జరిగిన శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ మనం చట్టాల గురించి, పోలీసు స్టేషన్ల గురించి, కోర్టుల గురించి మాట్లాడుకుంటున్నాం. వాటన్నిటికంటే ముందు వచ్చే ఒక చోటు గురించి నేను మాట్లాడతాను. అది ఆసుపత్రిలో క్యాజువాలిటీ గది. దెబ్బలు తిన్న స్త్రీ స్టేషనుకి వెళ్లకపోవచ్చు, మన సంఘానికి రాకపోవచ్చు. నొప్పి భరించలేనప్పుడు ఆసుపత్రికి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అక్కడ ఆమెకి ఎక్స్‌రే తీస్తారు, లేదా స్కానింగ్ చేస్తారు. వాటిని చదవడంలో జరిగే పొరపాట్లే ఇవాళ నా అంశం.

ఇది డాక్టర్లు వాళ్లలో వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం, మనకేం తెలుస్తుంది అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేనూ డాక్టర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ప్రభుత్వాసుపత్రుల క్యాజువాలిటీల్లో బెంచీ మీద కూచుని వచ్చేపోయే వాళ్లని గమనించడం కొన్నేళ్లుగా నా పరిశోధనలో భాగం. అక్కడ నాకు అర్థమైంది ఏమిటంటే, ఫిల్ము మీద ఏం కనిపిస్తుందనేది యంత్రం ఒక్కటే నిర్ణయించదు. ఆ స్త్రీని ఎవరు ఏం అడిగారు, ఆమె ఏం చెప్పగలిగింది, చీటీ మీద ఏం రాశారు అన్నవి కూడా నిర్ణయిస్తాయి. అందుకే ఇది మన విషయం కూడా.

ముందు చట్టం సంగతి చూద్దాం. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. పాత చట్టంలో లాగే దీన్లోనూ గాయాలు రెండు రకాలు. స్టేషన్లో వాటిని సింపుల్, గ్రీవియస్ అంటారు. ఎముక విరిగినా, కీలు తప్పినా, పన్ను విరిగినా అది గ్రీవియస్, అంటే తీవ్ర గాయం. దానికి 117వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు, పోలీసులు వెంటనే కేసు కట్టి దర్యాప్తు చేయాలి. విరగలేదు, కమిలింది, వాచింది అంటే చాలావరకు సింపుల్ కిందికి పోతుంది. దానికి 115వ సెక్షన్ కింద ఏడాది వరకే శిక్ష, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు కూడా మొదలుపెట్టలేరు. పాత 498ఎ స్థానంలో 85వ సెక్షన్ ఉంది కదా అనొచ్చు. అక్కడా రుజువేది అని అడిగినప్పుడు చూపించాల్సింది ఈ గాయాల సర్టిఫికెట్టే. అంటే రాత్రి పదకొండు గంటలకి ఒక హౌస్ సర్జన్ ఫిల్ముని లైటుకి ఎత్తి చూసి "ఫ్రాక్చర్ ఏం లేదు" అన్న మాట ఆమె వైద్యాన్నే కాదు, ఆమె కేసునీ, ఆ రాత్రి ఆమె ఏ ఇంటికి తిరిగి వెళుతుందనే దాన్నీ నిర్ణయిస్తోంది.

ఒక ఉదాహరణ చెపుతాను. ఊరు, ఆసుపత్రి చెప్పను. ముప్పై ఏళ్ల కూలీ మహిళ. ఎడమ చెయ్యి నొప్పి, ఊపిరి పీల్చుకుంటే డొక్కలో పోటు. పక్కన భర్త, అత్త. డ్యూటీ డాక్టరు ఎలా జరిగిందని అడిగితే జవాబు భర్త చెప్పాడు: "బిందెతో నీళ్లు తెస్తా జారి పడిందండి." ఓపీ చీటీ మీద "జారి పడింది, చెయ్యి నొప్పి" అని రాశారు. జారి పడ్డవాళ్లకి సాధారణంగా దెబ్బ తగిలేది మణికట్టు కాబట్టి ఎక్స్‌రే గదిలో మణికట్టుకి తీశారు, అదీ ఒకే కోణంలో. ఛాతీకి ఒకటి తీశారు. మణికట్టు బాగానే ఉంది. మాత్రలు రాసి పంపేశారు. పన్నెండు రోజులకి వాపు తగ్గక, స్థానిక సంఘం వాళ్లు ఆమెని మళ్లీ తీసుకెళ్లారు. ఈసారి ఆమె ఒక నర్సుతో విడిగా మాట్లాడింది. కర్రతో కొడుతుంటే తల మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టానని చెప్పింది. మోచేయి నుంచి మణికట్టు దాకా ఎక్స్‌రే తీస్తే ముంజేతిలో చిటికెన వేలి వైపు ఎముక మధ్యలో విరిగి ఉంది. మొదటి ఫిల్ములో ఆ భాగమే లేదు. మొదటి రోజు ఛాతీ ఫిల్ముని మళ్లీ చూస్తే దాన్లో ఎప్పుడో విరిగి అతుక్కున్న పక్కటెముక కూడా ఉంది. దాన్ని ఎవరూ రాయలేదు. ఈలోగా సింపుల్ అని సర్టిఫికెట్ స్టేషనుకి చేరిపోయింది. దాన్ని మార్పించడానికి సంఘం వాళ్లు రెండు నెలలు తిరిగారు.

ఇక్కడ తప్పు ఎవరిది? మొదటి రోజు ఫిల్ము చూసిన డాక్టరు మణికట్టు బాగానే ఉందన్నాడు, అది నిజం. టెక్నీషియన్ చీటీలో ఉన్నదాని ప్రకారమే తీశాడు. చీటీ రాసినాయన విన్నదే రాశాడు. ఒక్కొక్కరి పనీ విడిగా చూస్తే సరిగానే ఉంది. కాని విరిగిన ఎముక మాత్రం దొరకలేదు. ఆమెని ఒంటరిగా కూచోబెట్టి అడగలేదన్న ఒక్క లోపం నుంచి మిగతావన్నీ వరసగా వచ్చాయి.

బొమ్మలు చదవడంలో పొరపాట్లు ఎంత మామూలో రేడియాలజిస్టులే ఎప్పటి నుంచో రాస్తున్నారు. 1949లో అమెరికాలో లియో హెన్రీ గార్లండ్ అనే రేడియాలజిస్టు ఛాతీ ఎక్స్‌రేల మీద జరిగిన పరిశీలనలను ప్రకటించాడు. జబ్బు ఉన్న ఫిల్ముల్లో సుమారు 30 శాతాన్ని అనుభవం ఉన్నవాళ్లు కూడా గుర్తించలేకపోయారు. 2014లో కిమ్, మాన్స్‌ఫీల్డ్ అనే ఇద్దరు డాక్టర్లు 656 పరీక్షల్లో దొర్లిన 1,269 పొరపాట్లను వర్గీకరించారు. వాటిలో 42 శాతం, ఫిల్ములో ఉన్నదాన్ని అసలు చూడకపోవడమే. మరో 22 శాతం, ఒక లోపం దొరకగానే తృప్తిపడి రెండోదాని కోసం వెతకకపోవడం. చేతిలో విరుగుడు దొరికితే పక్కటెముకల వైపు చూడరన్నమాట.

2013లో అమెరికాలోనే ఇంకో ప్రయోగం చేశారు. ఊపిరితిత్తుల సీటీ స్కానుల్లో చిన్న చిన్న గడ్డల్ని వెతకమని 24 మంది రేడియాలజిస్టులకి ఇచ్చారు. ఒక స్కానులో అగ్గిపెట్టె అంత గొరిల్లా బొమ్మని చొప్పించారు. 24 మందిలో 20 మంది దాన్ని చూడలేదు. వాళ్లలో ఎక్కువమంది కళ్లు దాని మీదుగా వెళ్లాయని యంత్రం నమోదు చేసింది కూడా. వాళ్లని వెతకమన్నది గడ్డల్ని కాబట్టి గొరిల్లా కనపడలేదు. దీన్ని వాళ్ల అజాగ్రత్త అనుకుంటే పొరపాటు. దేన్ని వెతకాలో ముందే మనసులో ఉంటే కన్ను దాన్నే వెతుకుతుంది. మనిషి చూపు పనిచేసే పద్ధతే అది. అయితే క్యాజువాలిటీలో ఆ "దేన్ని వెతకాలి" అనేది ఎక్కడి నుంచి వస్తుంది? చీటీ నుంచి వస్తుంది. చీటీ మీద మాట ఎవరిది అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

పిల్లల విషయంలో ఈ ప్రశ్నని వైద్యశాస్త్రం చాలాకాలం క్రితమే అడిగింది. 1946లో జాన్ కాఫీ అనే పిల్లల రేడియాలజిస్టు, తలలో రక్తం గడ్డకట్టిన ఆరుగురు పసిపిల్లలకి కాళ్లూ చేతుల ఎముకలు కూడా విరిగి ఉన్నాయని రాశాడు. ఇంట్లో వాళ్లు చెప్పిన కారణానికీ, ఎముకలు చెపుతున్న దానికీ పొంతన లేదు. దీన్ని పిల్లల్ని కొట్టడం అని పేరు పెట్టి పిలవడానికి 1962లో హెన్రీ కెంప్, ఆయన సహచరుల వ్యాసం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత పసిపిల్లల ఎముక విరిగితే వేర్వేరు వయసుల విరుగుళ్లు ఇంకా ఉన్నాయేమోనని వెతకడం రేడియాలజిస్టుల చదువులో భాగమైంది.

పెద్దవాళ్లయిన స్త్రీల విషయంలో ఆ పని చాలా ఆలస్యంగా మొదలైంది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ రేడియాలజిస్టు భారతి ఖురానా, ఆమె బృందం భర్తల, సహచరుల హింసకి గురైన స్త్రీల స్కానులు ముందేసుకుని చూశారు. 2019 నుంచి వాళ్ల పరిశోధనలు వస్తున్నాయి. ముఖం, తల, మెడ, చేతులు, వీటి మీద గాయాలు; పాతదీ కొత్తదీ ఒకేచోట ఉండడం; చెప్పిన కారణానికి తగని గాయం; మళ్లీ మళ్లీ ఎమర్జెన్సీకి రావడం. ఇవీ వాళ్లు చూడమంటున్న గుర్తులు. ముంజేతిలో ఆ ఒక్క ఎముకే విరిగిన స్త్రీలని వాళ్లు పరిశీలిస్తే, దాదాపు మూడో వంతు మంది విషయంలో హింస రుజువైంది, లేదా అనుమానించాల్సి వచ్చింది. ఎందుకో మనకి వేరే చెప్పనక్కర్లేదు. కర్ర పైకి లేచినప్పుడు చెయ్యి అడ్డం పెడతాం. కింద పడ్డప్పుడు అరచెయ్యి నేలకి ఆనిస్తాం. రెంటికీ విరిగే చోట్లు వేరు. అయితే ఆ ఎముక విరిగిన ప్రతి స్త్రీనీ కొట్టారని అనకూడదు. అడగడానికి అది తగిన కారణం, అంతే.

మన దగ్గర అడగాల్సిన అవసరం తక్కువేమీ కాదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో భర్త హింసని ఎప్పుడో ఒకప్పుడు అనుభవించామని చెప్పినవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింసకి గురైన స్త్రీలలో ఎవరినైనా సహాయం అడిగినవాళ్లు 14 శాతమే. అడగని మిగతావాళ్లలో కొందరైనా "బాత్‌రూములో జారాను", "మెట్ల మీంచి పడ్డాను" అంటూ మన క్యాజువాలిటీల ముందు నిలబడుతూనే ఉంటారు.

హింస కేసుల్లోనే ఇలా జరుగుతుందనుకోవద్దు. పెళ్లికాని పద్దెనిమిదేళ్ల పిల్ల పొత్తికడుపు నొప్పితో, కళ్లు తిరుగుతూ వస్తుంది. పెళ్లి కాలేదు కదా అని నెల తప్పిందా అన్న ప్రశ్న అడగరు, లేదా తల్లి ముందే అడుగుతారు. ఆ పిల్ల లేదంటుంది. గ్యాస్ నొప్పని ఇంజెక్షన్ ఇస్తారు. మూత్ర పరీక్ష, అల్ట్రాసౌండ్ చేసి ఉంటే గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచిందని, అది పగిలి కడుపులోకి రక్తం కారుతోందని తెలిసేది. ఇక్కడ పొరపాటు స్కానింగ్ చదవడంలో జరగలేదు. ఆడపిల్ల శీలం గురించిన మన ఊహ ఆమెని స్కానింగ్ గది దాకా వెళ్లనివ్వలేదు.

దీనికి తిరగేసిన సంగతి ఒకటుంది. గర్భిణి చెయ్యి విరిగి వస్తే, కడుపుతో ఉంది కదా ఎక్స్‌రే వద్దని పంపేసే చోట్లున్నాయి. చేతికి తీసే ఎక్స్‌రే వల్ల కడుపులో బిడ్డకి చేరే రేడియేషన్ లెక్కలోకి రానంత తక్కువ. అయినా బిడ్డ పేరు చెప్పి తల్లి ఎముకని వదిలేస్తారు.

పక్షవాతం విషయం కూడా చెప్పాలి. అమెరికాలో 2014లో డేవిడ్ న్యూమన్-టోకర్ బృందం ప్రకటించిన పరిశోధనలో, ఎమర్జెన్సీకి వచ్చిన స్త్రీలలో పక్షవాతాన్ని గుర్తించకుండా పోయే అవకాశం పురుషుల్లో కంటే 33 శాతం ఎక్కువగా ఉంది. తల తిరుగుడు, తలనొప్పి అని ఆడవాళ్లు చెపితే నీరసమో, ఆందోళనో అనేస్తారు. మామూలు సీటీ స్కాన్ మెదడులో రక్తస్రావాన్ని బాగా చూపిస్తుంది కాని, రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతాన్ని మొదటి గంటల్లో చాలాసార్లు చూపించదు. "సీటీ నార్మల్" అన్న మాట విని ఇంటికి పంపేయడానికి తొందరపడేది ఎవరి విషయంలో అన్నది గమనించాలి.

అల్ట్రాసౌండ్ యంత్రంతో మన ఉద్యమాలకి పాత పరిచయం ఉంది. లింగ నిర్ధారణకి వ్యతిరేకంగా పోరాడితే 1994లో చట్టం వచ్చింది, 1996 నుంచి అమలైంది. అమలు సరిగా లేదని సెహత్, మాసూమ్ సంస్థలు, సాబు జార్జ్ కలిసి 2000లో సుప్రీంకోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. ఆడపిండాన్ని వెతకడానికి చిన్న పట్నాల దాకా చేరిన ఆ యంత్రం, ట్యూబు పగిలిన స్త్రీ కోసం రాత్రిపూట తాలూకా ఆసుపత్రిలో దొరుకుతుందా అన్న ప్రశ్న కూడా మనమే వెయ్యాలి.

రాత్రిపూట అన్నాను కదా. చాలా ఆసుపత్రుల్లో రేడియాలజిస్టు ఉండేది పగలే. రాత్రి తీసిన ఫిల్ముని డ్యూటీ డాక్టరే చూస్తాడు. మర్నాడు రేడియాలజిస్టు చూసి వేరే మాట రాసినా, అప్పటికి ఆమె ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. ఆమెకి ఫోను చేసి రమ్మని చెప్పే బాధ్యత ఎవరికీ ఉండదు. చేసినా ఆ ఫోను భర్త చేతిలో ఉంటుంది. 2015లో మొదలైన ఉచిత పరీక్షల పథకంలో భాగంగా, ఎక్స్‌రేని కంప్యూటరు ద్వారా పంపితే ఇంకెక్కడో ఉన్న రేడియాలజిస్టు చదివే పద్ధతి వచ్చింది. మంచిదే. కాని ఆ రేడియాలజిస్టుకి ఆమె ముఖం కనపడదు, మూలుగు వినపడదు. ఆయనకి తెలిసేది చీటీ మీదున్న నాలుగు మాటలే. ఇప్పుడు కంప్యూటరే చదువుతుందంటున్నారు. 2021లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, ఛాతీ ఎక్స్‌రేలు చదివే అలాంటి పద్ధతులు స్త్రీలు, నల్లజాతివారు, పేదలకిచ్చే బీమా ఉన్నవారి విషయంలో జబ్బుని ఎక్కువగా వదిలేస్తున్నాయని తేలింది. యంత్రానికి కులం, లింగం లేవనుకోవడానికి లేదు. దానికి నేర్పింది మన రికార్డులే.

ఇంకొకరి గురించి చెప్పాలి. ఫిల్ము తీసే టెక్నీషియన్, పక్కన నిలబడే నర్సు, ఆయమ్మ. చెయ్యి తిప్పుతుంటే ఎక్కడ ముట్టుకుంటే ఆమె అదిరిపడిందో చూసేది వాళ్లు. జాకెట్టు తీసినప్పుడు వీపు మీద వాతలు చూసేదీ వాళ్లే. బ్రిటన్‌లో 1980లలో ఒక చిన్న పద్ధతి పెట్టారు. టెక్నీషియన్‌కి ఏదైనా తేడాగా కనిపిస్తే ఫిల్ము మీద ఎర్ర చుక్క అంటిస్తారు. డాక్టరు రెండోసారి చూడాలని దానర్థం. ఖర్చేం లేదు. కింది ఉద్యోగి చూపుకి విలువ ఇవ్వాలి, అంతే. మన ఆసుపత్రుల్లో అదే కష్టం.

మరి బాధ్యత ఎవరిది? డాక్టర్ని జైలుకి పంపాలనడం నా ఉద్దేశం కాదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, అంచనా తప్పడం వేరు, నిర్లక్ష్యం వేరు అని చెప్పింది. ఫిల్ములో సన్నటి పగులు కనపడకపోవడం అంచనా తప్పడం కావచ్చు. నొప్పి ఉన్న ఎముకకి ఎక్స్‌రే తీయకపోవడం, ఒకే కోణంలో తీసి సరిపెట్టడం, రిపోర్టు మారినా ఆమెకి చెప్పకపోవడం, వీటిని అలా అనలేం. 1995లో వైద్యసేవల్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పుడు కూడా, అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రుల్ని బయట ఉంచారు. కాబట్టి పేద స్త్రీలకి ఆ దారి చాలావరకు మూసే ఉంది. 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు, సకాలంలో అత్యవసర వైద్యం అందకపోతే అది జీవించే హక్కుకి భంగమేనని, డబ్బు లేదన్న కారణం ప్రభుత్వం చెప్పకూడదని అంది. ఆ కేసు రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీది. ఒకచోట స్కానింగ్ తీసి తలలో రక్తస్రావం ఉందని సరిగానే చెప్పారు, మంచం మాత్రం ఏ ప్రభుత్వాసుపత్రిలోనూ దొరకలేదు. సరిగా చదివిన స్కాను కూడా ఆ తర్వాత వైద్యం లేకపోతే ఎందుకూ కొరగాదు.

ఇప్పుడు మనం చేయగలిగిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

ఆసుపత్రికి ఆమె వెంట వెళ్లినప్పుడు మొదట అడగాల్సింది, ఆమెతో ఒంటరిగా మాట్లాడనివ్వమని. ఎలా తగిలింది, దేనితో కొట్టారు, ఎక్కడ నొప్పి, ఇదివరకు తగిలిన దెబ్బలేమిటి, ఇవన్నీ ఆమె మాటల్లోనే చీటీ మీదకి రావాలి. గొంతు పట్టుకున్నారా అని తప్పకుండా అడగాలి. గొంతు నులిమితే బయట మచ్చ కూడా ఉండకపోవచ్చు. మామూలు ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవచ్చు. మింగడం కష్టంగా ఉన్నా, గొంతు మారినా, కళ్లు తిరిగి పడిపోయినా మెడ రక్తనాళాల సీటీ అవసరమా అని డాక్టర్ని అడగాలి.

ఎక్స్‌రే ఎన్ని కోణాల్లో తీశారో చూడండి. మామూలుగా కనీసం రెండు ఉండాలి, నొప్పి ఉన్న ఎముకకి పైనా కిందా ఉన్న కీళ్లు కూడా కనపడాలి. మొదటి రోజు మంచిగానే ఉందన్నా నొప్పి తగ్గకపోతే పది, పధ్నాలుగు రోజులకి మళ్లీ తీయించండి. మణికట్టులో పడవ ఆకారంలో ఉండే చిన్న ఎముక, పక్కటెముకలు, ముసలివాళ్ల తుంటి, వీటి పగుళ్లు మొదటి ఫిల్ములో తప్పిపోవడం అందరికీ తెలిసిన సంగతే. రేడియాలజిస్టు రిపోర్టు వచ్చేదాకా గాయాల సర్టిఫికెట్‌లో తుది అభిప్రాయం రాయొద్దని రాతపూర్వకంగా కోరండి.

ఫిల్ము, రిపోర్టు ఆమెవి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం రికార్డులు రాసి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2005 గృహహింస చట్టం, 2006 నియమాల ప్రకారం ఆసుపత్రి వైద్యం నిరాకరించకూడదు, పరీక్ష రిపోర్టు నకలు ఉచితంగా ఇవ్వాలి, గృహహింస నివేదిక అప్పటికి లేకపోతే తామే రాసి రక్షణాధికారికి పంపాలి. పోలీసు కాగితం వచ్చేదాకా వైద్యం ఆపకూడదని 1989లోనే పర్మానంద్ కటారా కేసులో తీర్పు ఉంది. ఈ నాలుగు విషయాలూ ఒక కాగితం మీద రాసి ప్రతి కార్యకర్త సంచీలో ఉంచుకోవాలి.

ఆఖరుది, ఇది ఒక్కొక్క కేసుతో తీరేది కాదు. బొంబాయిలో బాంద్రా భాభా ఆసుపత్రిలో 2000లో దిలాసా మొదలైంది. ఆసుపత్రి సిబ్బందికే శిక్షణనిచ్చి, హింసకి గురైన స్త్రీలని అక్కడే గుర్తించి మాట్లాడే కేంద్రం అది. మన జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. మీ జిల్లా సఖి కేంద్రానికీ, క్యాజువాలిటీకీ మధ్య రాత్రిపూట పనిచేసే సంబంధం ఉందో లేదో వెళ్లి చూడండి. ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్లతో కూచుని మాట్లాడండి. ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో మన ప్రతినిధి ఉంటే, రేడియాలజిస్టు మార్చి రాసిన రిపోర్టులు నెలకెన్ని, వాటిలో ఎంతమందికి తిరిగి కబురు చేశారు అని అడిగించండి. ఆ లెక్క రాసే పుస్తకం లేకపోతే, పెట్టించడమే మొదటి పని. వచ్చే తరగతులకి వచ్చేటప్పుడు మీ మీ ఆసుపత్రుల సంగతి రాసి తీసుకురండి, అక్కడి నుంచి ముందుకి మాట్లాడుకుందాం.